వేరు కుంపటి

మన భాషలో కొన్ని మాటలు వస్తువుల పేర్లుగా పుట్టి నిందలుగా స్థిరపడిపోయాయి. ‘వేరు కుంపటి’ అలాంటిదే. కుంపటి ఎంత అమాయకమైన వస్తువండీ! నాలుగు బొగ్గులు, పిడికెడు నిప్పు, పైన ఒక గిన్నె. దానికి ముందు ‘వేరు’ అన్న రెండక్షరాలు తగిలించండి, ఎవరో ఒక కోడలి పరువు కాస్తా పోతుంది. మా తంబళ్లపల్లె వైపు ఏ ఇంట్లోనైనా అన్నదమ్ములు వేరుపడ్డారంటే ఊరు ఊరంతా అడిగే ప్రశ్న ఒక్కటే: “ఆ యమ్మకి ఏమి తక్కువైందంట?” ఏదో తక్కువైతేనే మనిషి వెళ్తుందని మన గట్టి నమ్మకం. ఆమె దగ్గర ఏదో ఎక్కువై, దాన్ని పెట్టుకోవడానికి ఆ ఇంట్లో చోటు చాలక వెళ్ళి ఉండొచ్చని మాత్రం ఎవరికీ తోచదు.

ఇళ్ళ సంగతి అటుంచండి. పాటల బృందాల్లోనూ ఇదే తంతు. హైదరాబాదులో ‘చౌరస్తా’ అని ఒక బృందం బయల్దేరింది. గిటారూ డ్రమ్మూ పక్కన మన పల్లెపదాల ధోరణిని కూర్చోబెట్టి పాడే కుర్రాళ్ళు. పట్నం మీద విసుగెత్తి పల్లెకు పోతానంటూ 2018లో వాళ్ళు చేసిన ‘ఊరెళ్ళిపోతా మామ’ పాట ఇంటింటికీ చేరింది. అందులో వినిపించే గొంతు రామ్ మిరియాలది. ఆ తర్వాత కొంతకాలానికి ఆయన బృందంలోంచి బయటికి వచ్చేశారు. 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో చిట్టి మీది పాటలో మళ్ళీ ఆ గొంతే. 2022లో ‘డీజే టిల్లు’ సినిమాలో టిల్లు మీద పాట కట్టి పాడిందీ ఆయనే.

ఈ సంగతి మీద మా ఇంట్లో కాలేజీ పిల్లలిద్దరు రెండు పక్షాలయ్యారు. “పేరొచ్చింది, వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళ గతేంటి?” అంటుంది ఒకతి. “అయితే జన్మంతా అక్కడే ఉండిపోవాలా?” అంటుంది రెండోది. ఆ గాయకుణ్ణి గానీ, ఆ బృందాన్ని గానీ వీళ్ళు ఎదురుగా చూసిన పాపాన పోలేదు. ఆయన ఎందుకు వచ్చేశాడన్నది వాళ్ళ వాళ్ళ సొంత విషయం, మనకెందుకు? కానీ పిల్లలు ఎవరి తరఫున పోట్లాడుతున్నారో నాకు అర్థమైంది. ఉమ్మడిలో పెరిగిన మనిషి విడిగా వెళ్తే అది ద్రోహమా, హక్కా? ఇది పాటల ప్రశ్న కాదు, మన వంటింటి ప్రశ్న. బి.ఏ.లో ఫిలాసఫీ చదివానన్న మాటే గానీ, ఆ పుస్తకాల్లో దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్ళు నాకు కనిపించలేదు. పాటలవాళ్ళ జీవితాల్లో కనిపించింది.

ముందుగా మన దేశపు వింత ఒకటి చెప్పుకోవాలి. బృందం వదిలిన గాయకుడు ఇంగ్లండులోనో, అమెరికాలోనో అయితే ‘సోలో ఆల్బమ్’ చేస్తాడు. అట్ట మీద తన పేరొక్కటే. రాసుకున్నదీ, కట్టుకున్నదీ, పాడుకున్నదీ తనవే. మన గాయకుడు మాత్రం ఎక్కువగా సినిమాకు వెళ్తాడు. సినిమా అంటే బృందం కన్నా పెద్ద ఉమ్మడి కుటుంబం. అక్కడ దర్శకుడు మామగారు, నిర్మాత అత్తగారు, హీరో ఇంటల్లుడు. నలుగురున్న ఇంట్లోంచి బయటపడి నలభైమందున్న ఇంట్లో చేరడమన్నమాట. అందుకే అసలు సిసలు వేరు కుంపటి ఎలా వెలుగుతుందో చూడాలంటే కొంచెం దూరం పోవాలి.

బీటిల్స్ పేరు విననివాళ్ళు అరుదు. లివర్‌పూల్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ ఇద్దరూ ఆ ఇంటికి పెద్దకొడుకుల్లాంటివాళ్ళు. పాటలు చాలావరకు వాళ్ళవే. రింగో స్టార్ డ్రమ్స్ వాయించేవాడు. నాలుగోవాడు జార్జ్ హారిసన్, వయసులో అందరికన్నా చిన్న. 1966లో మన పండిట్ రవిశంకర్ దగ్గర కూర్చుని సితార్ నేర్చుకున్నది ఈయనే. ఆయన కూడా పాటలు రాసేవాడు. కానీ ఎన్నింటికి చోటు దొరికేది? 1967లో వచ్చిన ‘సార్జెంట్ పెప్పర్’లో ఆయనది ఒక్కటే పాట. 1968లో వాళ్ళు రెండు రికార్డుల ఆల్బమ్ తెచ్చారు. అందులోని ముప్ఫై పాటల్లో ఆయనవి నాలుగు. 1969లో ‘ఆబీ రోడ్’లో రెండు. మనకు తెలిసిన లెక్కే కదా ఇది! చిన్నకోడలు తాలింపు పెట్టడానికి పనికొస్తుంది, పండక్కి ఏం వండాలో చెప్పడానికి మాత్రం పనికిరాదు.

వాళ్ళేమీ దుర్మార్గులు కారు. అదే నాకు ముఖ్యంగా తోచిన సంగతి. పెద్దవాళ్ళిద్దరూ నిజంగా గొప్పవాళ్ళు. గొప్పవాళ్ళ పక్కన చోటు ఎప్పుడూ ఇరుకే. 1969 జనవరిలో ఒకరోజు జార్జ్ రిహార్సల్సు మధ్యలో లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. పది పన్నెండు రోజులకు మళ్ళీ వచ్చాడు. పుట్టింటికి వెళ్ళి, నలుగురూ నచ్చజెబితే తిరిగొచ్చిన కోడలిలాగే. అలా తిరిగి రావడం రాజీ అని మనమనుకుంటాం. నిజానికి చాలాసార్లు అది వెళ్ళిపోవడానికి మొదటి అడుగు.

1970 ఏప్రిల్‌లో ఆ ఇల్లు విరిగింది. ఆ ఏడాది నవంబరులో జార్జ్ హారిసన్ ఆల్బమ్ వచ్చింది. పేరు ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’, అన్నీ గడిచిపోయేవే అని. అంతకు ముందు ఆయన ఒక సినిమాకు సంగీతమూ, యంత్రాల ధ్వనులతో ఒక ప్రయోగమూ చేశాడు గానీ, తన పాటలు తాను పాడుకున్న సొంత ఆల్బమ్ ఇదే మొదటిది. ఎన్ని రికార్డులనుకున్నారు? మూడు! రెండింటి నిండా పాటలు, మూడోదాంట్లో స్నేహితులంతా కలిసి సరదాగా వాయించుకున్న వాయింపు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను ఆయన అంతకు ముందే బీటిల్స్ ముందు పెట్టాడు. వాళ్ళు తీసుకోలేదు. అందులో ఇంకో పాట 1966లో రాసుకున్నదట. నాలుగేళ్ళు అలమరాలో మడతపెట్టి ఉంచిన చీరలాగా ఉంది పాపం. ఆయన వెళ్ళింది ఏదో తక్కువై కాదు, ఎక్కువై.

ఆ ఆల్బమ్ అట్ట మీద ఒక ఫోటో ఉంది. తోటలో జార్జ్ ఒక స్టూలు మీద కూర్చుని ఉంటాడు. చుట్టూ గడ్డిలో నాలుగు మరుగుజ్జు బొమ్మలు. అవి ఆ పాత నలుగురే అని చాలామంది అనుకున్నారు. ‘చూశారా, అందరినీ ఎలా కిందపడేశాడో’ అనిపిస్తుంది మొదట. కానీ బొమ్మలు మూడు కాదు, నాలుగు. అంటే అందులో ఆయనా ఉన్నాడు. వేరుపడినవాళ్ళు వదిలి వచ్చేది ఇతరులను మాత్రమే కాదు, ఆ ఇంట్లో తామున్న తీరును కూడా. ఇది అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంతవరకూ వింటే వేరు కుంపటి తరఫున నేను వకాల్తా పుచ్చుకున్నాననుకుంటారేమో. అదేం లేదు. కథలో రెండో సగం ఉంది.

ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించినవాళ్ళలో రింగో స్టార్ కూడా ఉన్నాడు. వేరుపడ్డాక గృహప్రవేశానికి వచ్చి, తనే కొంగు బిగించి పొయ్యి రాజేసిన తోడికోడలిలా. ఇక ఆ ఆల్బమ్‌లో అన్నిటికన్నా పేరొచ్చిన పాట భగవంతుణ్ణి పిలిచే పాట, వెనక హరేకృష్ణ నామజపం వినిపిస్తుంది. ఆ బాణీ 1963 నాటి ఒక అమెరికన్ పాటను పోలి ఉందని దావా పడింది. 1976లో కోర్టు తీర్పు ఇచ్చింది. జార్జ్ కావాలని దొంగిలించలేదు, ఎప్పుడో విన్న బాణీ మనసు అడుగున ఉండిపోయి తెలియకుండానే పైకొచ్చింది, అయినా బాధ్యత ఆయనదే అని దాని సారాంశం. నాకు ఆ తీర్పు ఒక వేదాంత వాక్యంలా కనిపిస్తుంది. ఒంటరిగా పాడుకుంటున్నాననుకున్నప్పుడు కూడా మన గొంతులో ఎవరెవరో ఉంటారు. కొందరిని మనం గుర్తుపడతాం, కొందరిని పట్టము. గుర్తుపట్టనంత మాత్రాన అప్పు తీరిపోదు.

మా చిన్నతనంలో టేప్‌రికార్డరు క్యాసెట్ల మీద ఒక జంట పేరు ఉండేది: రాజ్–కోటి. రాజ్ అంటే టి.వి. రాజు గారబ్బాయి. కోటి అంటే సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. ‘యముడికి మొగుడు’ నుంచి ‘హలో బ్రదర్’ దాకా ఆ రెండు పేర్ల మధ్య ఉన్న చిన్న గీత మాకెవరికీ కనిపించేది కాదు. ఇద్దరు మనుషులని కూడా చాలాకాలం తెలియదు నాకు. 1995లో ‘పెద్దరాయుడు’ క్యాసెట్టు మీద కోటి ఒక్కడే ఉన్నాడు. అదే ఏడాది ‘సిసింద్రీ’ మీద రాజ్ ఒక్కడే ఉన్నాడు. రెండూ బాగున్నాయి, రెండిట్లోనూ పాత జంట వాసన ఉంది. ఆ తర్వాత కోటి చాలా సినిమాలకు చేశారు. రాజ్ కొద్ది సినిమాలకే చేశారు. 2023 మే నెలలో రాజ్ పోయారన్న వార్త విన్నప్పుడు మావాళ్ళంతా “అయ్యో, రాజ్–కోటిలో రాజ్ పోయారా!” అన్నారు. విడిపోయి పాతికేళ్ళు దాటినా జనం ఆ గీతను చెరపలేదు.

ఉమ్మడి పాటలో ఏది ఎవరిదో ఎవరు పంచగలరు? ఆవకాయ జాడీ ముందు కూర్చుని, ఈ ఘాటు ఆవాలు దంచిన పెద్దమ్మది, ఈ ఉప్పదనం చిన్నమ్మదని విడదీయగలమా? ఆస్తులు పంచడానికి కోర్టులున్నాయి. 1970 డిసెంబరు 31న పాల్ మెకార్ట్నీ మిగతా ముగ్గురి మీద దావా వేసి భాగస్వామ్యాన్ని రద్దు చేయమన్నాడు. డబ్బు లెక్కలు ఎలాగో తేలాయి. రుచి లెక్కలు తేలవు.

కనుక వెళ్ళేవాళ్ళకు ఒక ధర్మం ఉంది. మా వైపు శివరాత్రికి మల్లయ్యకొండ తిరణాల జరుగుతుంది. అలాంటి సందడుల్లో చెక్కభజన చూస్తే ఈ సంగతి కళ్ళకు కడుతుంది. ముందు ఒకడు పాటెత్తుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చెక్కలు ఆడిస్తూ, అడుగులు వేస్తూ అందుకుంటారు. పాటెత్తేవాడు వెళ్ళిపోతే గొంతు ఆయన వెంటే వెళ్తుంది. చెక్కలవాళ్ళ దగ్గర మిగిలేది చెక్కలే. ‘నా ప్రతిభ, నా ఇష్టం’ అనడం తేలికే. ఆ ప్రతిభకు ఇన్నాళ్ళూ తాళం వేసినవాళ్ళకు కూడా ఇళ్ళూ పిల్లలూ ఉన్నారు. అందుకని వెళ్ళొద్దంటానా? అనను. తిరణాల ముందురోజు వెళ్ళొద్దంటాను. వెళ్ళేముందు ఇంకొకరికి పాటెత్తడం నేర్పి వెళ్ళమంటాను. పొయ్యి వేరు చేసుకునే ముందు ఆ ఇంట్లో పప్పుకు ఎంత చింతపండు పడుతుందో మిగిలినవాళ్ళకు చెప్పి వెళ్ళే కోడలిని నేను ద్రోహి అనలేను.

ఉండిపోయినవాళ్ళకూ ఒక ధర్మం ఉంది. దాని గురించి మాత్రం మనం ఎప్పుడూ మాట్లాడం. ‘పెంచాం, పెద్ద చేశాం, పేరు తెచ్చాం’ అన్న మాటను తాడులా వాడకపోవడం ఆ ధర్మం.

దీనికి పాటలవాళ్ళను వదిలి మా పక్క ఊరికే రావచ్చు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజంవాళ్ళు చిన్నతనంలోనే తీసుకుపోయారు. అనీబిసెంట్ ఆయన్ను బిడ్డలా పెంచింది, ఆయన ఆమెను అమ్మా అనేవాడు. చదివించారు, దేశాలు తిప్పారు, జగద్గురువు కాబోతున్నాడని ఆయన కోసం ఒక సంఘమే పెట్టారు. 1929 ఆగస్టులో, హాలెండులోని ఓమెన్‌లో, వేలమంది భక్తుల ఎదుట, బిసెంటమ్మ కూడా అక్కడ ఉండగానే, ఆయన ఆ సంఘాన్ని రద్దు చేసేశాడు. ఇంతకంటే పెద్ద వేరు కుంపటి మా వైపు ఇంకెవరూ పెట్టి ఉండరు! కానీ గమనించండి. తన కోసం ఇచ్చిన భూములు, భవనాలు ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇచ్చేశాడు. ఆ తల్లి మీది అభిమానాన్ని మాత్రం తిరిగివ్వలేదు, తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆమెకు అప్పటికి ఎనభై దాటాయి. ఆమె ఎంత కుమిలిందో ఊహించుకోవచ్చు. అయినా ఆమె కూడా ఆయన్ను బిడ్డ కాదనలేదు. సంఘం పోయింది, చుట్టరికం మిగిలింది.

ఇవన్నీ గొప్పవాళ్ళ సంగతులు. మామూలువాళ్ళ ఇళ్ళలో కూడా ఇవే జరుగుతాయి, ఎవరూ రాసిపెట్టరు గనుక మనకు గుర్తుండవు.

మా ఉమ్మడి ఇంట్లో పేరంటమైతే మంగళహారతి పాడేది మా పెద్దమ్మ. ఎత్తుకునేది ఆమె, వెనక అందుకునేది మా చిన్నమ్మ. ఇరవై ఏళ్ళు అలాగే సాగింది. అప్పట్లో నేను హైస్కూల్లో చదువుతున్నాను. చిన్నమ్మవాళ్ళు వేరుపడి రెండు వీధుల అవతల కాపురం పెట్టారు. ఊరు అడగాల్సిన ప్రశ్న అడగనే అడిగింది. శ్రావణ శుక్రవారం చిన్నమ్మ తన ఇంట్లో మొదటిసారి పేరంటం పెట్టుకుంది. పెద్దమ్మ వస్తుందా రాదా అని అందరి కళ్ళూ గుమ్మం మీదే. వచ్చింది. వచ్చి, లోపలికి రాకుండా గడప పక్కనే కూర్చుంది.

చిన్నమ్మ హారతి పళ్ళెం పట్టుకుని పాట ఎత్తుకుంది. మొదటి వరుస అయిపోగానే ఆగింది. ఊపిరి కోసం కాదు. ఇన్నేళ్ళూ రెండు గొంతులు కలిసే చోటు అది, అక్కడ ఆగడం ఆమెకు అలవాటైపోయింది. ఆ ఖాళీలో ఇల్లంతా పెద్దమ్మ వైపు తిరిగింది. పెద్దమ్మ అందుకోవచ్చు. అందుకుంటే ఆ పాట మళ్ళీ ఆమెది అయిపోతుంది. ఆమె తల వంచుకుని పసుపు రాసిన తన కాళ్ళవైపు చూసుకుంటూ ఉండిపోయింది. రెండో వరుస కూడా చిన్నమ్మే పాడింది. చివరికంటా పాడింది.

తాంబూలం తీసుకునేటప్పుడు పెద్దమ్మ అన్న మాట నాకు బాగా గుర్తు. “శ్రుతి పైకి పట్టినావే. నీ గొంతుకు అదే సరి. ఇన్నేండ్లూ నా గొంతు కోసరం కిందికి దించుకొని పాడినావు.” చిన్నమ్మ ఏమీ అనలేదు. వాయనంలో శనగలు ఇంకో గుప్పెడు ఎక్కువ పోసింది.

అప్పుడు నాకు పెద్దగా అర్థం కాలేదు. నవలలు రాయడం మొదలుపెట్టాక, ఆ మూడు వాక్యాలంత నిజాయితీ ఉన్న మాటలు నా పాత్రల చేత పలికించడం ఎంత కష్టమో తెలిశాక అర్థమైంది. పెద్దమ్మ ఎవరినీ అణచలేదు. చిన్నమ్మను ఎవరూ పాడొద్దనలేదు. కలిసి పాడాలంటే ఎవరో ఒకరు శ్రుతి దించుకోవాలి, అది చిన్నమ్మ వంతైంది, అంతే. ఉమ్మడి అన్నది ఇలాంటి దించుకోవడాల మీదే నిలబడుతుంది. అది మంచిదే, కలిసి పాడిన పాటలో ఉన్న నిండుదనం ఒంటి పాటలో రాదు. కానీ దించుకున్న మనిషి ఏదో ఒకరోజు తన శ్రుతి ఎంతో తెలుసుకోవాలనుకుంటే, దానికి పెట్టాల్సిన పేరు ద్రోహం కాదు. ఇన్నాళ్ళూ తోడు పలికిన గొంతు కోసం ఆమె పాటలో ఒక్క క్షణం ఖాళీ వదిలితే కృతజ్ఞత చెప్పినట్టే. ఆ ఖాళీని ఆక్రమించకుండా ఊరుకుంటే పెద్దరికం నిలబెట్టుకున్నట్టే.

ఇది చదివేవాళ్ళలో శ్రుతి దించుకుని పాడుతున్నవాళ్ళు చాలామంది ఉంటారు. మీరంతా రేపే పెట్టె సర్దుకోవాలని నా ఉద్దేశం కాదు. చాలామందికి ఆ అవసరం రాదు. వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి పైశ్రుతిలో పాడి చూసుకుంటే చాలు, లోపల ఏముందో తెలుస్తుంది. అది ఎక్కువైందని తెలిసిన రోజున మాత్రం, మూడు రికార్డులకు సరిపడా పాటలు అలమరాలో కుక్కుకోనక్కర్లేదు.

మీరు ఉండిపోయిన ఇంటివాళ్ళే అయితే, మీకు ఒక్కటే విన్నపం. ఎవరైనా వేరు కుంపటి పెట్టుకున్నారని విన్నప్పుడు “ఏమి తక్కువైందంట?” అని అడక్కండి. ఒక పూట చేతిలో నాలుగు అరటిపళ్ళు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, “ఏం వండినావమ్మా ఈ పొద్దు?” అని అడగండి. వడ్డిస్తే కూర్చుని తినండి.